ఫ్లెమిష్ సంత బొమ్మల్లో నిజంగా రహస్యాలున్నాయా, మనమే అంటగడుతున్నామా?

కొల్లేరు_కొంగ
ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, పాత ఫ్లెమిష్ పెయింటింగుల రీల్స్ వచ్చి పడుతున్నాయి. చేపల అంగడి బొమ్మ చూపించి "చేప అంటే క్రీస్తు" అంటాడు ఒకడు. తొక్క తీసిన నిమ్మకాయ చూపించి "పైకి అందం, లోపల పులుపు, అదే జీవితం" అంటాడు ఇంకొకడు. లాబ్‌స్టర్ వెనక్కి నడుస్తుంది కాబట్టి చంచలత్వమట. ఈగ కనిపిస్తే సైతానట. పైగా వెనకాల దెయ్యం సినిమా మ్యూజిక్కు. నా డౌటు ఒక్కటే. నాలుగు వందల ఏళ్ళ కింద, ఇప్పటి బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో కూర్చుని కూరగాయలు గీసినాయన ఇదంతా మనసులో పెట్టుకునే గీశాడా, లేక మనవాళ్ళు ఇప్పుడు తీరిగ్గా కథలు అల్లుతున్నారా? క్యాబేజీ ఉత్త క్యాబేజీ కాకూడదా? తెలిసినవాళ్ళు మీ మాటల్లో చెప్పండి, లింకులు పడేసి పోకండి.

బెండకాయ_వేపుడు
క్యాబేజీకి కూడా మనోభావాలుంటాయి. చూసి మాట్లాడండి.

సెకండ్_ఒపీనియన్
ఆ రీల్ నేనూ చూశాను. అందులో లాబ్‌స్టర్ ఎర్రగా ఉంది. ఎర్రగా ఉందంటే ఉడికించేశారని అర్థం. ఇక అది ముందుకీ నడవదు, వెనక్కీ నడవదు. నా ఓటు "అల్లుతున్నారు"కే.

నూనెరంగులు
అల్లేవాళ్ళు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ అన్ని బొమ్మలనీ ఒకే గాటన కట్టేయకండి. ముందు, అర్థం ఉందని ఎవరూ కాదనలేని బొమ్మ ఒకటి చూద్దాం.

పీటర్ ఆర్ట్‌సెన్ అని, ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి ఆంట్వెర్ప్‌లో చాలా ఏళ్ళు పని చేశాడు. 1551లో ఒక మాంసం కొట్టు బొమ్మ వేశాడు. ఒక ప్రతి స్వీడన్‌లో ఉప్సలా యూనివర్సిటీ దగ్గర, ఇంకొకటి అమెరికాలో నార్త్ కరోలినా మ్యూజియంలో ఉన్నాయి. చూడగానే మాంసం మొహం మీదకి వచ్చి పడుతుంది. తోలు ఒలిచిన ఎద్దు తల, దాని కన్ను సరిగ్గా మన మీదే. చుట్టూ కాళ్ళు, కొవ్వు, సాసేజీల దండలు, వేలాడుతున్న పంది తల, కోళ్ళు, వెన్న. మనుషులు మాత్రం ఎక్కడో వెనక, చాలా చిన్నగా.

ఎడమ పక్క మాంసం సందులోంచి దూరంగా చూడండి. గాడిద మీద మరియమ్మ కనిపిస్తుంది. చంటిబిడ్డతో ఐగుప్తుకి పారిపోతున్న మనిషి ఆగి, బిచ్చమెత్తే పిల్లాడికి రొట్టె ఇస్తోంది. కుడి పక్క వెనక గదిలో జనం తింటూ తాగుతూ ఉన్నారు, కింద తిని పారేసిన ఆల్చిప్పలు. ముందున్న పళ్ళెంలో రెండు చేపలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా, శిలువలా పెట్టి ఉన్నాయి. ఇదంతా దానంతట అదే కుదిరిందంటే నేను నమ్మను. అంతకుముందు బొమ్మల్లో దేవుడు ముందుండేవాడు, వంటసామాను మూలన ఉండేది. ఈయన దాన్ని తిరగేశాడు. కావాలనే.

బెండకాయ_వేపుడు
బోటీ చూస్తూ మరియమ్మని మిస్సయ్యే బ్యాచ్ నేను. బొమ్మ నా గురించే వేసినట్టున్నాడు.

చర్చి_గంట
నూనెరంగులు గారూ, ఒకటి వదిలేశారు. ఉప్సలా ప్రతి మీద ఏడాది ఒక్కటే కాదు, మార్చి 10 అని తేదీ కూడా ఉంది. మేం గుంటూరు వైపు క్యాథలిక్కులం. తపస్సుకాలం (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాసాల రోజులు) మొదలైందంటే మా నాన్నమ్మ వంటింట్లోకి మాంసం రానిచ్చేది కాదు. ఈస్టర్ ఏ ఏడు ఎప్పుడొచ్చినా సరే, మార్చి 10 మాత్రం తపస్సుకాలంలోనే పడుతుంది, క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్క చూసుకోండి. అంటే మాంసం తినకూడని రోజు తేదీ వేసి, కొట్టు నిండా మాంసం గీశాడు. చేప ఒక్కటే ఆ రోజుల్లో తినొచ్చు. అది ఆ రెండు చేపల పళ్ళెంలో ఉంది. ఇంతకంటే గట్టిగా ఇంకేం చెప్పాలి?

సెకండ్_ఒపీనియన్
పని ముగిసిన రోజు తేదీ వేసుకుని ఉండొచ్చు. అందులో రహస్యం ఏముంది?

చర్చి_గంట
చాలామంది ఏడాది వేసి ఊరుకున్నారు బాబూ. ఈయనకి నెలా రోజూ దేనికి?

ఘెంట్_గోపాలం
నేను బెల్జియంలోనే ఉంటాను, ఈ బొమ్మ మీద ఇక్కడివాళ్ళు చెప్పుకునే ఇంకో సంగతి చెప్తా. పైన కుడి పక్క ఒక బోర్డు ఉంది. దాని మీద రాసింది దేవుడి వాక్యం కాదు. "దీని వెనక స్థలం వెంటనే అమ్మబడును, ఎవరికి కావలసినంత వాళ్ళకి విడిగా గానీ, మొత్తం ఒకేసారి గానీ, 154 రాడ్లు" అని. రాడ్ అంటే అప్పటి భూమి కొలత. 1550ల ఆంట్వెర్ప్‌లో రియల్ ఎస్టేట్ జోరు మామూలుగా లేదు. గిల్బర్ట్ వాన్ స్కోన్‌బెకె అనే ఆయన ఊరినే వెంచర్లుగా కోసి అమ్మాడు. షార్లెట్ హౌటన్ అనే కళాచరిత్రకారిణి ఈ బోర్డుని అప్పట్లో నిజంగా జరిగిన భూమి వ్యవహారంతో ముడిపెట్టింది. ఆసుపత్రి నడిపే సన్యాసినుల భూమి ఊరి పాలకుల చేతికి పోయిన గొడవ అది. ఆ లెక్కన ఇటు దానం చేస్తున్న మరియమ్మ, అటు బీదల భూమి అమ్మేస్తున్న బోర్డు. ఆ వీధిలో తిరిగినవాళ్ళకి ఇది రహస్యమే కాదు, పేపర్లో కార్టూన్ చూసినంత తేలిగ్గా అర్థమైపోయి ఉంటుంది.

బెండకాయ_వేపుడు
"ప్లాట్లు అమ్మబడును, విడిగా లేదా గుత్తగా." శంషాబాద్‌ని అనవసరంగా తిట్టుకున్నాం.

కొల్లేరు_కొంగ
గోపాలం గారూ, ఇది అదిరింది. కానీ నా ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఇక్కడ వెనకాల బైబిల్ బొమ్మ ఉంది కాబట్టి అర్థం ఉందంటున్నారు. ఏమీ లేకుండా వట్టి కూరగాయలో, ప్లేట్లో చీజో ఉంటే?

పులస_ప్రియ
దానికంటే ముందు నా బాధ వినండి. ఆర్ట్‌సెన్ భార్య తరఫు మేనల్లుడు యోఆకిమ్ బ్యూకెలార్. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆయన వేసిన నాలుగు పెద్ద బొమ్మలున్నాయి, 1569, 70ల నాటివి, ఒక్కోటి రెండు మీటర్ల పైన వెడల్పు. భూమికి కూరగాయలు, నీటికి చేపలు, గాలికి పక్షులు, నిప్పుకి వంటిల్లు. పంచభూతాల్లో ఆకాశం వీళ్ళ లెక్కలో లేదు, నాలుగే. నీటి బొమ్మలో 12 రకాల చేపలున్నాయట, అవి 12 మంది శిష్యులట.

మాది తరాల చేపల వ్యాపారం. బుట్టలో ఉన్నవి ఎన్ని రకాలు అని అడిగితే మా ఇంట్లోనే ఇద్దరు ఒక లెక్క చెప్పరు. పిల్లని వేరే రకం కింద లెక్కేస్తావా, కోసిన ముక్కలు ఏ చేపవో ఎలా తేలుస్తావు? నాకు ఆ బొమ్మలో కనిపించింది అమ్మేవాళ్ళ తెలివి. కోసిన ముక్క కండ పైకి కనిపించేలా పెట్టారు, దాన్ని చూసే గిరాకీ ఆగుతుంది. చేప తడి ఆరకముందు ఉండే ఆ మెరుపు పట్టుకున్నాడు చూడండి, అది సంతలో నిలబడి చూసినవాడికే వస్తుంది. శిష్యుల సంగతి తర్వాత.

చర్చి_గంట
పులస గారూ, 12 లెక్క మీద మీతో నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ బొమ్మలో శిష్యులు చేపల రూపంలో దాక్కోలేదు, వెనకాల మనుషుల రూపంలోనే ఉన్నారు. చేపల బల్లల మధ్యలోంచి చూడండి. పునరుత్థానం తర్వాత యేసు సముద్రం ఒడ్డున కనిపించిన ఘట్టం అది, యోహాను సువార్త చివరి అధ్యాయం. రాత్రంతా వల వేసినా ఏమీ పడలేదు, ఆయన వేయమన్న వైపు వేస్తే వల నిండిపోయింది. అక్కడ లెక్క కూడా ఉంది, 153 గొప్ప చేపలని.

సెకండ్_ఒపీనియన్
చేపలు 153, ప్లాట్లు 154. ఆ ఒక్కటి ఎక్కడిది? రేపటి రీల్ రెడీ.

చర్చి_గంట
😀 మిగతా మూడూ అంతే. కూరగాయల వెనక ఐగుప్తుకి పలాయనం. పక్షుల వెనక తప్పిపోయిన కుమారుడు. వంటింటి వెనక మార్త, మరియల ఇల్లు. మార్త వంటపనిలో పడి సతమతమవుతుంటే మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటుంది, గుర్తుందిగా. అదే కథ ఆర్ట్‌సెన్ కూడా 1552లో వేశాడు. ఆ బొమ్మ వియన్నాలో ఉంది. ముందు ఇంత లావు మాంసపు తొడ, వెనక గదిలో యేసు.

గడియారం_ముల్లు
ఇదంతా విన్నాక నాకు తోచింది. మన కిరాణా కొట్టులో గల్లా పెట్టె పైన వెంకటేశ్వరస్వామి ఫోటో ఉంటుంది. వ్యాపారం ముందు, దేవుడు వెనక. అదే కదా ఇదీ?

సెకండ్_ఒపీనియన్
మంచి మాట అన్నారు, నా వాదనకే పనికొస్తుంది. పైన స్వామి ఫోటో ఉందని కింద కందిపప్పుకి కొత్త అర్థం రాదు కదా. బ్యూకెలార్‌కి కూరగాయలు గీయడం వచ్చు, కొనేవాళ్ళకి కూరగాయలు ఇష్టం. ఇంట్లో వేలాడదీయడానికి భక్తి బొమ్మ అని చెప్పుకోవాలి. మూలన చిన్న యేసుని పెడితే అందరూ హ్యాపీ. పైగా 1566లో ఆంట్వెర్ప్ చర్చిల మీద పడి విగ్రహాలు, పెయింటింగులు పగలగొట్టారు. చర్చి ఆర్డర్లు పోతే ఇళ్ళకి అమ్ముకోవాలి.

నూనెరంగులు
1566 విధ్వంసం నిజం, ఆర్ట్‌సెన్ చర్చిలకి వేసిన పెద్ద బొమ్మలు అలాంటి దాడుల్లోనే పోయాయి. ఆ బాధ ఆయన్ని చివరిదాకా వదల్లేదని 1604లో చిత్రకారుల జీవితాల పుస్తకంలో కారెల్ వాన్ మాండెర్ రాశాడు. కానీ మాంసం కొట్టు 1551ది. దాడికి పదిహేనేళ్ళ ముందుది. చర్చి ఆర్డర్లు బ్రహ్మాండంగా ఉన్న రోజుల్లోనే ఈ తిరగేసిన బొమ్మ పుట్టింది. కాబట్టి "బేరం పోయి ఇలా వేశాడు" అన్నది ఆయన విషయంలో నిలబడదు.

ఇక స్వామి ఫోటో సంగతి. ఫోటో కొట్టువాడు పెట్టాడు, పప్పు మిల్లు నుంచి వచ్చింది. రెండూ వేరువేరు చేతులు. బొమ్మలో ఆ మాంసాన్నీ ఆ మరియమ్మనీ పెట్టింది ఒకే చేయి. తేడా అక్కడుంది.

ఎంఏ_చరిత్ర
ఈ కొట్లాట మనతో మొదలు కాలేదు, పండితులే దశాబ్దాలు కొట్టుకున్నారు. 1934లో కళాచరిత్రకారుడు పనోఫ్‌స్కీ, 15వ శతాబ్దపు చిత్రకారుడు వాన్ ఐక్ వేసిన అర్నోల్ఫిని దంపతుల బొమ్మ మీద రాస్తూ, మామూలు ఇంటి సామాన్ల వేషంలో మతార్థాలు దాక్కుని ఉన్నాయన్నాడు. వెలుగుతున్న ఒక్క కొవ్వొత్తి, కుక్క, విప్పి పెట్టిన చెప్పులు, దేన్నీ వదల్లేదు. రీల్స్ వాళ్ళందరికీ ఒకరకంగా తాతగారు ఆయనే. తర్వాత ఎడ్డీ ద యోంగ్ అనే డచ్ పండితుడు ఇంకో దారి పట్టాడు. ఆ కాలంలో ఎంబ్లెమ్ పుస్తకాలని ఉండేవి. పేజీకో బొమ్మ, దానికో శీర్షిక, కింద నీతి పద్యం. ఆంట్వెర్ప్‌లో ప్లాంటిన్ ముద్రణాలయం కూడా ఇవి అచ్చేసింది. ఆ పుస్తకాలు పక్కన పెట్టుకుని పెయింటింగులు చదివి, 1976లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో పెద్ద ప్రదర్శన చేశాడు. 1983లో కళాచరిత్రకారిణి స్వెట్లానా ఆల్పర్స్ అడ్డం తిరిగింది. ఆవిడ మాట్లాడింది ముఖ్యంగా డచ్ బొమ్మల గురించి. ఇటలీ వాళ్ళు కథ చెప్తారు, వీళ్ళు కంటికి కనిపించే ప్రపంచాన్ని వర్ణిస్తారు, లెన్సులు, మ్యాపులు గీసే సంస్కృతి ఇది, ప్రతి దాని కిందా నీతి వెతక్కండి అని.

నా అభిప్రాయం అడిగితే, ద యోంగ్‌కి ఒక గొప్ప గుణం ఉంది. "నాకిలా అనిపిస్తోంది" అనడు. ఆ కాలంవాళ్ళ ముద్రిత కాగితం చూపిస్తాడు. రీల్స్ వాళ్ళని కూడా అదే అడగండి, కాగితం ఏదీ అని.

కొల్లేరు_కొంగ
ఇది నచ్చింది. మరి నిమ్మకాయకి కాగితం ఉందా?

నూనెరంగులు
నిమ్మకాయకి నాకు తెలిసిన కాగితం లేదు గానీ నా చేతి అనుభవం ఉంది. విద్యార్థులతో వేయిస్తుంటాను. పైన తొక్క గరుకు, కింద తెల్లటి పొర మెత్తగా దూదిలా, లోపల తొన తడిగా, వెలుగు లోపలికి పోయేలా. ఒకే పండులో మూడు రకాల పని. మెలిక తిరిగి బల్ల అంచు నుంచి వేలాడే తొక్క ఇంకో పరీక్ష. పనితనం చూపించుకోవాలనుకున్నవాడు నిమ్మకాయని వదలడు. పైగా అక్కడ పండదు, దక్షిణాది నుంచి ఓడల్లో రావాలి. ఖరీదైన సరుకు. ఇన్ని కారణాలు కళ్ళెదుట ఉండగా నేరుగా వేదాంతంలోకి దూకడం దేనికి?

సెకండ్_ఒపీనియన్
హమ్మయ్య, ఈయన నా జట్టులోకి వచ్చారు.

నూనెరంగులు
రాలేదు. పుర్రె పెట్టిన బొమ్మల దగ్గర మళ్ళీ విడిపోతాం. యాకబ్ ద హైన్, ఆంట్వెర్ప్‌లోనే పుట్టినవాడు, 1603లో ఒక బొమ్మ వేశాడు, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గూట్లో పుర్రె, దాని పైన పెద్ద బుడగ, ఒక పక్క ట్యులిప్ పువ్వు, ఇంకో పక్క పొగ, కింద నాణేలు. పైన లోకాన్ని చూసి నవ్వే తత్వవేత్త డెమోక్రిటస్, ఏడ్చే హెరాక్లిటస్. ఇలాంటి బొమ్మల్లో మనకి దొరికినవాటిలో ఇదే మొట్టమొదటిదంటారు. దీన్ని చూసి "ఉత్త పుర్రె" అంటారా?

చర్చి_గంట
"వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే." ప్రసంగి గ్రంథం మొదటి అధ్యాయం. ఇలాంటి పుర్రె బొమ్మల్ని వానిటాస్ అంటారు, వాటన్నిటికీ మూలం ఆ వాక్యమే.

సెకండ్_ఒపీనియన్
పుర్రె పెట్టాక అందులో రహస్యం ఏం మిగిలింది, అరిచి చెప్తుంటే! నేను కొట్లాడేది "దాచిన" అన్న మాట మీద. చెప్పాలనుకున్నప్పుడు వీళ్ళు పుర్రె పెట్టి మరీ చెప్పారు. చెప్పనిచోట మనం చెవి ఆనించి వినక్కర్లేదు.

ఘెంట్_గోపాలం
ఈ పాయింటుకి ఇంకో సాక్ష్యం. యాన్ డావిడ్స్ ద హేమ్ ఉత్తరాది నుంచి ఆంట్వెర్ప్‌కి వచ్చి స్థిరపడిన మొనగాడు. 1648లో ఆయన వేసింది వియన్నాలో ఉంది. మధ్యలో దివ్యసత్ప్రసాదం (చర్చి పూజలో ఇచ్చే అప్పం), పాత్ర. చుట్టూ పళ్ళ తోరణం, అందులో ద్రాక్షలు, గోధుమ కంకులు. ద్రాక్ష నుంచి రసం, గోధుమ నుంచి అప్పం, క్యాథలిక్ ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. కానీ అదే ద హేమ్ విందు బల్ల బొమ్మల్లోనూ ద్రాక్ష గుత్తి పెడతాడు. అక్కడా సత్ప్రసాదమే అంటే నేను కొంచెం ఆగుతాను.

చీజ్_దోశ
ఒక చిన్న డౌట్. బొకే బొమ్మల్లో ఆకులు నీలంగా ఉంటాయి ఎందుకు? నీలం మరియమ్మ రంగు కాబట్టి అని ఎక్కడో చదివాను.

నూనెరంగులు
కాదండీ, అది కెమిస్ట్రీ. చాలామంది ఆకుపచ్చని నీలం మీద పసుపు కలిపి రాబట్టేవారు. ఆ పసుపు మొక్కల నుంచి తీసిన రంగు, ఎండకి వెలిసిపోతుంది. నీలం మిగిలిపోతుంది. వేసిన రోజున ఆ ఆకులు చక్కగా పచ్చగానే ఉండేవి.

బెండకాయ_వేపుడు
మరియమ్మ కాదు, నాసిరకం పసుపు. ఈ చర్చలో ఇప్పటిదాకా బెస్ట్ రహస్యం ఇదే.

గడియారం_ముల్లు
చీజ్_దోశ గారి పేరు చూస్తే గుర్తొచ్చింది, క్లారా పీటర్స్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆవిడ చీజ్ దిమ్మెల మీదే వెన్న పళ్ళెం పెట్టి వేసింది, హేగ్‌లో మౌరిట్స్‌హౌస్‌లో ఉంది. పాడి మీద పాడి తినడం దెయ్యం పని అని అక్కడో సామెత ఉందట, తిండి యావ మీద చురక అని కొందరంటారు.

ఎంఏ_చరిత్ర
సామెత ఉంది. బొమ్మ దాని గురించే అనడానికి మాత్రం ఏమీ లేదు. ఆ బొమ్మలో నిజంగా దాగి ఉన్నది వేరే. జగ్గు మూత మీద మెరుపులో చూడండి, టోపీ పెట్టుకున్న ఆడమనిషి ముఖం ఉంటుంది, అది ఆవిడే. బల్ల మీద వెండి కత్తి అంచున తన పేరు చెక్కినట్టు రాసుకుంది. 1612 నాటి ఇంకో బొమ్మ జర్మనీలో కార్ల్స్‌రూహెలో ఉంది. బంగారు పూత గిన్నె మీద బొడిపెలుంటాయి, ఒక్కో బొడిపెలో ఒక్కో బుల్లి క్లారా, చేతిలో రంగుల పలక. ఆడవాళ్ళకి నగ్న మోడల్‌ని చూసి బొమ్మ నేర్చుకునే వీలు లేని కాలం అది. పెద్ద పెద్ద పురాణ చిత్రాల ఆర్డర్లు దక్కవు. గిన్నెలూ పళ్ళూ చాలనుకుంది, ఆ గిన్నెల్లోనే తనని తాను పెట్టుకుంది. 2016లో ప్రాడో మ్యూజియం ఒక మహిళా చిత్రకారిణికి విడిగా ప్రదర్శన పెట్టడం మొదలైంది ఈవిడతోనే.

పులస_ప్రియ
ఇది కదా రహస్యమంటే! పన్నెండు చేపల కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఇప్పుడే జూమ్ చేసి చూశాను. ముఖం బియ్యపు గింజంత కూడా లేదు, అయినా టోపీ అంచు తెలుస్తోంది.

సెకండ్_ఒపీనియన్
క్లారాకి నేను కూడా టోపీ తీస్తాను. కంటికి కనిపించేదాన్ని రుజువు చేయక్కర్లేదు.

ఎంఏ_చరిత్ర
ఇంకో కాగితం ఉన్న కేసు చెప్తా, ఇది ఇంకా మజాగా ఉంటుంది. పెద్ద యాన్ బ్రూగల్ 1606లో మిలాన్ కార్డినల్ ఫెడెరికో బోరోమియోకి పూల బొమ్మ వేసి పంపాడు. నూరు పైన పూలు, అన్నీ ప్రకృతిలో చూసి వేశానని ఉత్తరం రాశాడు. ఏ పువ్వు ఏ నెలలో పూస్తే ఆ నెల దాకా ఆగాలి. ఆంట్వెర్ప్‌లో దొరకనివాటికి బ్రసెల్స్ దాకా వెళ్ళాడు. అసలు ఆ పూలన్నీ ఒకే కుండీలో ఒకేసారి ఉండడం జరగని పని. కుండీ కింద నగ, నాణేలు, గవ్వలు పెట్టాడు.

ఆ వజ్రానికి అర్థం ఏమిటి? రీల్ వాడైతే "ఐహిక సంపద నశ్వరం" అంటాడు. కొన్న కార్డినలే తన సేకరణ గురించి రాసుకున్న పుస్తకంలో చెప్పాడు. ఈ బొమ్మ విలువ రత్నాలతో సమానం అని ఆ వజ్రం చెప్తోంది, నేను ఆ ధరే ఇచ్చుకున్నాను, అని.

బెండకాయ_వేపుడు
అంటే బొమ్మలోనే బిల్లు పెట్టాడు 😂 జీఎస్టీ అదనం.

గోల్కొండ_గుట్ట
ఆ వజ్రం మనదే అయి ఉంటుంది! ఆ రోజుల్లో వజ్రాలంటే గోల్కొండే కదా.

సెకండ్_ఒపీనియన్
వచ్చారండీ. పెయింటింగులో వజ్రానికి ఆధార్ కార్డు ఉండదు సార్.

ఘెంట్_గోపాలం
నవ్వకండి, ఆయన మాట పూర్తిగా కొట్టేయలేం. 1720లలో బ్రెజిల్‌లో గనులు దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలు దాదాపు మన దేశం నుంచే వెళ్ళాయి, కొంచెం బోర్నియో నుంచి. గోవా మీదుగా లిస్బన్, అక్కణ్ణించి సాన పట్టడానికి ఆంట్వెర్ప్. బ్రూజెస్‌లో పుట్టిన జాక్ ద కూత్ర్ అనే వజ్రాల వ్యాపారి 17వ శతాబ్దం మొదట్లో మన దక్కన్ గనుల దాకా వచ్చి, చూసింది రాసిపెట్టాడు. కాబట్టి బ్రూగల్ కళ్ళతో చూసిన వజ్రాలు కర్నూలు, కృష్ణా వైపు మట్టిలోంచి వచ్చినవి అయ్యే అవకాశం బాగా ఎక్కువ. ఆ ఒక్క వజ్రం గురించి మాత్రం ఎవరూ ప్రమాణం చేయలేరు.

గోల్కొండ_గుట్ట
బాగా ఎక్కువ అన్నారుగా, అది చాలు నాకు. వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నా.

ఎంఏ_చరిత్ర
ప్రమాణం చేయలేరు అన్న ముక్క కూడా పెట్టండి దయచేసి.

చర్చి_గంట
మిరియాలు కూడా చూడండి. పీటర్ క్లాస్ ఆంట్వెర్ప్ పక్కన బెర్హెమ్‌లో పుట్టి హార్లెమ్‌లో పని చేశాడు. ఆయన 1627లో వేసిన విందు బల్ల రైక్స్‌మ్యూజియంలో ఉంది. పాత పంచాంగం కాగితాన్ని పొట్లంలా చుట్టి అందులో మిరియాలు పోశాడు. పక్కన చైనా పింగాణీ గిన్నె, నిమ్మకాయ. బల్ల మీద సగం ప్రపంచం ఉంది. ఇందులో నాకైతే నీతి కంటే ఓడరేవు లెక్కలే ఎక్కువ కనిపిస్తాయి. కానీ పోయిన ఏడు పంచాంగం చించి పొట్లం కట్టడంలో, కాలం ఇంతేరా అన్న చమత్కారం ఉందేమోనని ఒక మూల అనిపిస్తూనే ఉంటుంది.

సెకండ్_ఒపీనియన్
చర్చి_గంట గారూ, పాత పేపరుతో పొట్లం కట్టడం చమత్కారం కాదు, పొదుపు.

చర్చి_గంట
రెండూ అవ్వచ్చు బాబూ. మీకు అన్నిటికీ ఒకటే అర్థం కావాలి, రీల్ వాళ్ళకీ అంతే.

పులస_ప్రియ
👏👏

వంగతోట
వ్యవసాయం చదివినవాణ్ణి, ఆలస్యంగా వచ్చా. ఈ బొమ్మల్లో మాకు దొరికే "దాగిన విషయం" ఇంకోటుంది. ఘెంట్‌లో ఈవ్ ద స్మెట్ అనే మొక్కల శాస్త్రవేత్త, డేవిడ్ వెర్గావెన్ అనే కళాచరిత్రకారుడు స్నేహితులు. రష్యాలో హెర్మిటేజ్‌లో ఫ్రాన్స్ స్నైడర్స్ బొమ్మ ముందు నిలబడి అందులో ఒక పండు ఏమిటో తేల్చుకోలేకపోయారు. చిత్రకారుడికి గీయడం రాలేదా, లేక అప్పట్లో ఆ పండే అలా ఉండేదా? అక్కణ్ణించి పాత బొమ్మల్లో పంటలు ఎలా మారుతూ వచ్చాయో వెతకడం మొదలుపెట్టి 2020లో దాని మీద ఒక వ్యాసం అచ్చేశారు. విత్తనాలు కుళ్ళిపోతాయి, బొమ్మలు మిగులుతాయి.

క్యారెట్ సంగతే చూడండి. డచ్ రాజవంశం ఆరెంజ్ కోసం నారింజ రంగు క్యారెట్ పెంచారన్న కథ స్కూల్ పిల్లలకి కూడా చెప్తారు, దానికి ఆధారం లేదు. కానీ 16, 17 శతాబ్దాల సంత బొమ్మల్లో క్యారెట్ల రంగులు చూసుకుంటూ వస్తే కథ కంటే ఎక్కువ తెలుస్తుంది. ఒక షరతు, గీసినవాడు చూసి గీశాడని నమ్మకం కుదరాలి. మొక్క మీది పువ్వు రేకుల లెక్క తప్పిన చిత్రకారుణ్ణి క్యారెట్ రంగు మీద కూడా నమ్మం.

కొల్లేరు_కొంగ
అంటే క్యాబేజీ క్యాబేజీ అయినా దాంట్లో చదవడానికి ఉంది!

వంగతోట
బ్యూకెలార్ క్యాబేజీల్ని ఆకు ఈనెలతో సహా చదవొచ్చు. మా ప్రొఫెసర్ ఆ బొమ్మ ప్రింటు చూసి ముందు అడిగింది పురుగు పట్టిందా లేదా అని.

సెకండ్_ఒపీనియన్
స్నైడర్స్ గురించి ఒక మాట, ఆయన నా వైపు సాక్షి. హెర్మిటేజ్‌లో ఉన్న ఆ పెద్ద సంత బొమ్మలు బ్రసెల్స్‌లో ఒక సంపన్నుడి ఇంటికి వేసినవి. తర్వాత ఇంగ్లండ్‌లో వాల్పోల్ దగ్గరికి వెళ్ళాయి, 1779లో రష్యా రాణి కేథరీన్ ఆయన కుటుంబం నుంచి కొనేసింది. వెనకాల బైబిల్ లేదు, మరియమ్మ లేదు. బల్లలు విరిగేంత వేట మాంసం, చేపలు, పళ్ళు. ఆర్ట్‌సెన్ నుంచి స్నైడర్స్ దాకా వచ్చేసరికి వెనకున్న దేవుడు నిష్క్రమించాడు, సరుకు మిగిలింది.

నూనెరంగులు
నిష్క్రమించాడన్నది నిజం. అది ఎందుకన్నది మాత్రం తేలలేదు. ఆర్ట్‌సెన్ పెట్టిన పరీక్ష అందరికీ తెలిసిపోయి ఇక వెనక బొమ్మ అక్కర్లేకపోయిందా, లేక కొనేవాళ్ళకి ఆ పరీక్షే వద్దనిపించిందా? స్నైడర్స్ బొమ్మల్లో బల్ల కింద పిల్లి, మాంసం లాగే కుక్క తరచూ ఉంటాయి. నేను వాటిని చూసి నవ్వుకుంటాను. ఇంకొకరు దురాశ అంటారు.

చీజ్_దోశ
దసరా సెలవుల్లో బెల్జియం వెళ్తున్నాం, ఇవి అక్కడ చూడొచ్చా? లండన్, వియన్నా, ఉప్సలా అని అన్నీ వేరే ఊళ్ళే చెప్తున్నారు.

ఘెంట్_గోపాలం
ఆంట్వెర్ప్‌లో దిగండి. రాయల్ మ్యూజియం చాలా ఏళ్ళు మూసి ఉంచి 2022లో తెరిచారు, అక్కడ ఒక పూట పెట్టుకోండి. తర్వాత కైజర్ వీధిలో స్నైడర్స్, రోకోక్స్ ఇళ్ళు, ఆ ఇద్దరూ పక్కపక్క ఇళ్ళలో ఉండేవారు, ఇప్పుడు రెండూ కలిపి ఒకే మ్యూజియం. చిన్నదే, జనం తక్కువ, బొమ్మకి దగ్గరగా నిలబడనిస్తారు. వెళ్ళేముందు సెలవు రోజు ఏదో వాళ్ళ సైట్లో చూసుకోండి. ప్లాంటిన్ ముద్రణాలయం కూడా ఆ ఊళ్ళోనే మ్యూజియంగా ఉంది, ఎంఏ_చరిత్ర గారు చెప్పిన కాగితాలు అచ్చయిన యంత్రాలు అక్కడే చూడొచ్చు.

బెండకాయ_వేపుడు
భోజనం చేసి వెళ్ళండి. ఖాళీ కడుపుతో ఆ బొమ్మల ముందు నిలబడితే అర్థాలేమీ కనిపించవు.